గడప లేని గది

మా అత్తగారి ఉద్యోగానికి కావలసిన మాటలు రెండే. రైట్, హోల్డాన్. రైట్ అంటే బస్సు కదలాలి, హోల్డాన్ అంటే ఆగాలి. కండక్టరుగా ఆవిడ రిటైరై చాలాకాలమైనా ఆ రెండు మాటలూ రిటైరవలేదు. అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి "హోల్డాన్" అనేవారు. మా ఆవిడా నేనూ పోట్లాడుకుంటుంటే కాసేపు తీరిగ్గా చూసి, మేం అలిసిపోయి నోరు మూసుకోగానే "ఏం, ఆపేశారేం? రైట్ రైట్" అనేవారు. ఆవిడ ముందు కడదాకా కోపంగా ఉండటం ఎవరి తరమూ కాదు.

ఆ ఏడు ఎండాకాలంలో ఆవిడకి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, వాకర్ చేతికిచ్చి, "నేల మీద ఎంతైనా నడవండి, మెట్ల జోలికి మాత్రం పోకండి" అన్నాడు డాక్టరు. చెప్పడానికేం, ఆయనది నోటితో అయిపోయే పని. మేముండేది మేడమీద.

నేను తాపీమేస్త్రిని. మా వాళ్ళలో నన్ను మెట్ల మేస్త్రి అంటారు. గోడ ఎవడైనా లేపుతాడు, మెట్లు కుదరాలంటే నన్ను పిలవాలని ఒక పేరు పడిపోయింది. మా చుట్టుపక్కల వీధుల్లో మెట్లు సగం నా చేతివే. మేం అద్దెకుంటున్న మేడకి కూడా నేనే కట్టాను. ఇంటాయన ఇచ్చిన చోటు బెత్తెడు, అందుకని అవి నిచ్చెనలా నిటారుగా లేచాయి. ఇంత ఇరుకులో భలే కుదిర్చావయ్యా అని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు. వాళ్ళతో పాటు నేనూ మెచ్చుకున్నాను.

ఇప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా అత్తగారిని కర్రకుర్చీలో కూర్చోబెట్టి, కింద పంక్చర్ షాపాయన ముందు, నేను వెనక పట్టుకుని, ఒక్కో మెట్టే దింపాలి. ఆవిడ కుర్చీలో కూర్చుని మమ్మల్ని నడిపేవారు. ఆవిడ "రైట్" అంటేనే మేం కదలాలి. మలుపులో నా భుజం గోడకి ఒరుసుకుంటే "హోల్డాన్, హోల్డాన్! వెనక డోరు దగ్గర ఎవరో నలిగిపోతున్నారు" అనేవారు. పంక్చర్ షాపాయన నవ్వు ఆపుకోలేక కుర్చీ వదిలేస్తాడేమోనని నాకు ప్రాణాలు పోయేవి.

నవ్వులన్నీ మెట్ల మీదే. పైకి వచ్చాక ఆవిడ వాకర్ పట్టుకుని వరండా చివరిదాకా వెళ్ళి, కమ్మీల్లోంచి వీధిలోకి చూస్తూ నిలబడిపోయేవారు. ఒకరోజు మా ఆవిడ "అమ్మా, ఏం చూస్తున్నావు?" అని అడిగితే, "ఏమీ లేదే. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. నేనొక్కదాన్నే దిగట్లేదు" అన్నారు.

కింది వాటా కోసం నేను తిరగని వీధి లేదు. దొరక్క కాదు. వాకిట్లో నిలబెట్టి నవ్వుతూనే మాట్లాడేవాళ్ళు. ఎవరెవరుంటారని అడిగేవాళ్ళు. నేను చెప్పేవాణ్ణి. అప్పుడు మొహం మారేది. "పెద్దావిడ ఉన్నారంటున్నారు కదా..." అని అక్కడితో ఆగేవాళ్ళు. ఒకావిడైతే, "మా ఇంట్లో అలాంటిదేమైనా జరిగితే తర్వాత ఎవరూ అద్దెకి రారండీ, ఏమీ అనుకోకండి" అని నేరుగానే చెప్పేసింది. అనుకోకుండా ఎలా ఉంటాం? ఇంకొకాయన ఒప్పుకున్నాడు గానీ ముందు నాలుగు మెట్లున్నాయి. పక్కన వాలుగా దారి కట్టిస్తాను, డబ్బు నాదే, చెయ్యి నాదే అన్నాను. "ఇల్లు ఆసుపత్రిలా కనిపిస్తుందయ్యా" అన్నాడు. ఆ నాలుగు మెట్లూ నేను కట్టినవే.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు, "‘పెద్దావిడ కదా’ అని అందరూ అక్కడే హోల్డాన్ కొడతారేం? మిగతా మాట చెబితే నేను వినలేననా?" అన్నారు.

వానలు మొదలయ్యే ముందు నాకొక పని దొరికింది. పెద్ద వీధిలో బస్టాపుకి ఎదురుగా కొత్త బిల్డింగు. కింది అంతస్తంతా వయసు మళ్ళినవాళ్ళకి అద్దెకిచ్చే గదులు, పైన మామూలు వాటాలు. ప్లాను గీసింది ఒక ఇంజినీరమ్మ. పెళ్ళయి వెళ్ళిన మా అమ్మాయికి అక్క వయసుంటుంది. మొదటిరోజే నా దగ్గరికి వచ్చింది.

"మేస్త్రీగారూ, గడపలు వద్దు."

"ఏ గదికమ్మా?"

"ఏ గదికీ వద్దు. వీధి దగ్గర్నుంచి మంచం దాకా ఒకటే మట్టం."

"గడప లేకపోతే అది ఇల్లెలా అవుతుందమ్మా, గోడౌను అవుతుంది గానీ."

అన్నాక గుర్తొచ్చింది. మా వంటగది గడప దగ్గర మా అత్తగారు వాకర్ ఎత్తి అవతల పెట్టలేక, పిలిస్తే నామోషీ అని, ఎవరైనా అటు వచ్చేదాకా ఊరికే నిలబడతారు. నేను నోరు మూసుకుని పని మొదలుపెట్టాను.

బాత్‌రూము నేల కూడా దించకూడదంది ఇంజినీరమ్మ. నీళ్ళు వాలుతోనే పోవాలి, వాలు కాలికి తెలియకూడదు. తలుపు బయటికి తెరుచుకోవాలి. "లోపలికి తెరిస్తే ఏమమ్మా, అందరూ అలాగే పెట్టుకుంటారు" అన్నాను. "లోపల పడిపోయినవాళ్ళు తలుపుకే అడ్డంగా పడతారు మేస్త్రీగారూ. మేం నెట్టాం, రాలేదు. మా అమ్మమ్మ" అని ఆగి, పైపుల సంగతి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆరోజు నుంచీ ఆ పిల్ల ఏం చెప్పినా నేను ఎదురు చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను, గడపలే లేని గదులు కడుతున్నామని.

"గడప లేదా!" అన్నారు అత్తగారు. "అయితే పెళ్ళికి ముందు నీతో, నా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతానన్నాను చూడు, ఆ మాట అక్కడ చెల్లదన్నమాట."

"చెల్లదు అత్తయ్యా. అయినా ఆఖరికి విరిగింది ఎవరి కాలు?"

"ఏమయ్యా, నీకేమన్నా బుద్ధుందా!" అని మా ఆవిడ గరిటె ఎత్తింది. అత్తగారు మాత్రం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వి, తుడుచుకుని, "ఆ గదులు ఎవరికిస్తారు మేస్త్రీ?" అని అడిగారు. గొంతు మారింది. మా ఆవిడ గరిటె దించి నా వైపు చూసింది.

బిల్డరుని ఎలా అడగాలా అని మథనపడుతూ ఉండగా ఒకరోజు ఆయనే వచ్చాడు. మూల గదిలో బాత్‌రూము నేల మీద చెంబుతో నీళ్ళు పోసి చూశాడు. నీళ్ళు ఎక్కడా నిలవకుండా తిన్నగా కన్నం దగ్గరికి పోయాయి. "నీ చెయ్యి బంగారమయ్యా" అన్నాడు. ఇదే సందని మా అత్తగారి సంగతి చెప్పాను.

"మీ అత్తగారికా? ఇస్తే పోలా! ఈ మూల గదే ఇద్దాం. నా మాటగా చెప్పు."

ఆయన మాటగా చెప్పాను. దారిపొడుగునా ఈల వేసుకుంటూ వెళ్ళి మరీ చెప్పాను.

మర్నాటి నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. నేను పని నుంచి వచ్చి చెప్పులు విడవకముందే మొదలు. తలుపు ఏ చేతి వైపు? స్విచ్చి ఎంత ఎత్తున? మంచం మీంచి లేస్తే పట్టుకోవడానికి ఏముంది? చెబితే చాల్లేదు ఆవిడకి. "చూపించు" అన్నారు. చివరికి ఒక సాయంత్రం పురికొసా సున్నమూ పట్టుకొచ్చి, మా వాటా ముందున్న డాబా మీద ఆ గదికి ముగ్గు పోశాను. పునాదులకి పోసినట్టే, అసలు కొలతలతో. ఇది తలుపు, ఇది మంచం, ఇది బాత్‌రూము, ఇది వీధివైపు కిటికీ.

అత్తగారు వాకర్‌తో తలుపులోంచి లోపలికి వెళ్ళారు. గీత తొక్కకుండా, సరిగ్గా తలుపులోంచే. మంచం చుట్టూ తిరిగారు. బాత్‌రూములోకి వెళ్ళి వెనక్కి తిరిగి చూసుకున్నారు. కిటికీ దగ్గర నిలబడ్డారు.

"ఇక్కణ్ణించి బస్టాపు కనిపిస్తుందా?"

"కూర్చున్నా కనిపిస్తుంది. కిటికీ కిందికి దించి పెట్టించింది ఇంజినీరమ్మ."

"చూడటానికేనా? వెళ్తాను. తలుపు తీసుకుని, వీధి దాటి, బస్టాపులో కూర్చుంటాను. మీకెవరికీ చెప్పను."

"చెప్పకపోతే మేం కంగారుపడమా?" అంది మా ఆవిడ.

"పడండి. నువ్వు నాకు చెప్పకుండా ఈ మేస్త్రితో సినిమాలకి తిరిగినప్పుడు నేను పడలేదూ? చెప్పకుండా బయటికి పోవడమంటే ఎలా ఉంటుందో మర్చిపోయానే."

ఆవిడ అడిగింది అంతే. మేడ కాదు, మిద్దె కాదు. ఎవరినీ పిలవకుండా, ఎవరూ మోయకుండా, తనంతట తాను వీధిలోకి పోవడం.

వానలు మొదలయ్యాయి. వాన పడ్డప్పుడల్లా ముగ్గు కొట్టుకుపోయేది. వాన వెలియగానే "మేస్త్రీ, నా గది కారిపోయింది" అని పిలిచేవారు. నేను మళ్ళీ సున్నం తెచ్చేవాణ్ణి. పంక్చర్ షాపాయన పైకొచ్చి గీత లోపల కాలు పెడితే, "తలుపు కొట్టి రా" అని కసిరేవారు. ఆయన గాల్లో తలుపు కొట్టి, "లోపలికి రావచ్చా పెద్దమ్మా" అని అడిగి వచ్చేవాడు. మా అత్తగారు ఆ డాబా మీద నడిచినంత నడక ఆసుపత్రిలో చెప్పిన వ్యాయామాలన్నీ కలిపినా లేదు. కాలికి బలం వచ్చింది. డాక్టరే ఆశ్చర్యపోయాడు.

వానలు జోరందుకున్నాక ఒక మధ్యాహ్నం బిల్డరు గొడుగేసుకుని వచ్చాడు. వెనకే ఇంజినీరమ్మ, తల వంచుకుని.

"మేస్త్రీ, ప్లాను కొంచెం మారింది. కింద షాపులొస్తాయి."

"మరి పెద్దవాళ్ళు సార్?"

"పైన ఉంటారు. గాలీ వెలుతురూ. కిందైతే వాళ్ళకీ రొదే కదా."

"లిఫ్టు?"

"వస్తుంది. గుంట వదిలాం కదా. ముందు షాపులు నిలదొక్కుకోనీ." రోడ్డు మీద పారుతున్న వాననీళ్ళు చూపించాడు. "షాపుల్లోకి నీళ్ళు రాకూడదు. కింద ఎత్తు పెంచి, ముందర మెట్లు కట్టాలి. మెట్లంటే నువ్వేగా."

నేను ఇంజినీరమ్మ వైపు చూశాను. ఆ పిల్ల నా వైపు చూడలేదు. "నేను చెప్పి చూశాను మేస్త్రీగారూ" అంది, మెల్లగా.

"మెట్ల పక్కన వాలు ఒకటి పోస్తాను సార్. ఎంతో చోటు పట్టదు."

"బళ్ళు పెట్టుకోవడానికే చోటు లేదయ్యా."

"మా అత్తగారికి మూల గదని మీరు మాటిచ్చారు..."

"కాదన్నానా? పైన మూల గది ఇస్తాను. ఇంకా మంచి గది." నా భుజం తట్టాడు. ఆయన మనసులో మోసం లేదు. నిజంగానే ఇంకా మంచి గది ఇస్తున్నాననుకున్నాడు. మోసగాడైతే కనీసం తిట్టుకునేవాణ్ణి.

మర్నాడు లారీలో మట్టీ రాళ్ళూ వచ్చాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని, రసమట్టం పెట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా తీర్చిన నేల మీద వాటిని కుమ్మరించారు. ఆ తర్వాత నేను మెట్లు కట్టాను. నేను కాకపోతే ఇంకొకడు కడతాడు, వాడు ఇంకా ఎత్తుగా కడతాడు అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కూడా కాదు. పని మానేసి ఇంట్లో కూర్చునే స్తోమత నాకు లేదు. ఎత్తు ఎంత తగ్గించవచ్చో అంతా తగ్గించాను. వెడల్పు పెంచాను. అంచులు కాలికి తగలకుండా గుండ్రంగా తిప్పాను. ఎంత చేసినా అవి మెట్లే. వాకర్‌కి ఆ సంగతి తెలుసు.

మా ఆవిడకి చెప్పాను. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసి వచ్చిన మనిషి, సంచి కూడా దించకుండా అలాగే మంచం మీద కూలబడింది. "అమ్మకి నువ్వే చెప్పు" అంది. "నువ్వే చెప్పు" అన్నాను. ఇద్దరం చెప్పలేదు.

అత్తగారు కూడా మూడు నాలుగు రోజులు ఏమీ అడగలేదు. ఒక సాయంత్రం నేను చేతులు కడుక్కుంటుంటే వరండాలోంచి పిలిచారు.

"మేస్త్రీ, ఇలా రా. బస్సులో టిక్కెట్టు లేనివాడు ఎలా ఉంటాడో తెలుసా? కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు, ఎప్పుడూ చూడని వీధేదో కొత్తగా చూస్తున్నట్టు. వారం నుంచి నువ్వలాగే ఉన్నావు."

"అదేం లేదు అత్తయ్యా. పని ఎక్కువగా ఉంది."

"కిటికీకి రంగేశారా?"

"ఇంకా లేదు."

"ఊఁ" అన్నారు.

ఆ రాత్రి పెద్ద వాన. తెల్లారేసరికి డాబా కడిగేసి ఉంది. సున్నం గీత ఒక్కటి లేదు. నేను డబ్బా పట్టుకుని నిలబడ్డాను, ఎప్పట్లాగే పిలుస్తారని. ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. నన్నూ డబ్బానీ చూశారు.

"పోనీలే మేస్త్రీ, తడిసిపోతావు. లోపలికి రా" అన్నారు.

వాన అప్పటికే వెలిసింది. ఆ తర్వాత ఆవిడ డాబా మీద నడవలేదు.

వానాకాలం చివర్లో మళ్ళీ ఆసుపత్రిలో చూపించాల్సి వచ్చింది. కుర్చీలో దింపాం, ఆటో ఎక్కించాం. డాక్టరు కాలు చూసి "మళ్ళీ బిగుసుకుపోయిందేమిటి, నడవటం లేదా?" అని మా ఆవిణ్ణి కోప్పడ్డాడు. మా ఆవిడ అక్కణ్ణించి అటే డ్యూటీకి వెళ్ళింది. తిరిగి వస్తుంటే అత్తగారు ఆటో అబ్బాయితో, "పెద్ద వీధిలోంచి పోనివ్వు నాయనా" అన్నారు. బిల్డింగు రాగానే ఆటో పక్కరాడ్డు మీద చేత్తో కొట్టి, "హోల్డాన్" అన్నారు.

ఆటో ఆగింది. కింద షట్టర్లకి కొత్త రంగు. మూల గది ఉండాల్సిన చోట ఫోన్లమ్మే షాపు. దాని ముందు నా మెట్లు, వానకి తడిసి నల్లగా మెరుస్తున్నాయి. ఎవరో కాలేజీ పిల్లలు వాటి మీద కూర్చుని నవ్వుకుంటున్నారు.

ఆవిడ చాలాసేపు చూశారు.

"నువ్వే కట్టావా?"

"ఆఁ."

"అంచు చూస్తే తెలుస్తోంది. బాగా కట్టావు."

నిజంగానే అన్నారు. అందులో దెప్పిపొడుపు లేదు. దెప్పినా బాగుండేది. "లోపల చూస్తారా అత్తయ్యా? నేనెత్తుకుని తీసుకెళ్తాను. ఒక్క నిమిషం పని" అన్నాను.

"చూసి రావడానికైతే ఎత్తుకెళ్తావు. ఉండటానికి?" అన్నారు. మళ్ళీ నా మొహం చూసి, పాపం అనిపించిందేమో, నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వేం చేస్తావులే. నీ చేతిలో ఉన్నది తాపీ." రోడ్డు అవతల బస్టాపు వైపు ఒకసారి చూశారు. రాడ్డు మీద రెండుసార్లు కొట్టి, "రైట్" అన్నారు.

మా మెట్ల దగ్గరికి వచ్చేసరికి తుంపర మొదలైంది. పంక్చర్ షాపాయన గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన ముందు, నేను వెనక. కుర్చీ ఎత్తి పట్టుకుని, మాట కోసం చూస్తున్నాం. మాట రాలేదు.

"పెద్దమ్మా, రైట్ చెప్పండి" అన్నాడు ఆయన.

వీధి చివర బస్సొకటి మలుపు తిరుగుతోంది. ఆవిడ దాన్నే చూస్తున్నారు.

"కాసేపు హోల్డాన్ మేస్త్రీ" అన్నారు. "కాసేపే."

బస్సుల్ని నిలబెట్టిన మాట అది. కోపంగా, వేళాకోళంగా, అరిచి, ఎన్ని రకాలుగానో ఆవిడ నోట విన్నాను. బతిమాలుతున్నట్టు వినడం అదే మొదటిసారి.

కుర్చీ కిందికి దించాం. వీధి మట్టానికి, కాళ్ళు నేలకి ఆనేలా. చెప్పులు విడిచి పాదాలు తడి నేల మీద పెట్టుకున్నారు. పంక్చర్ షాపాయన గొడుగు తెచ్చి పట్టాడు. బస్సు మా ముందునుంచే వెళ్ళింది. దారిన పోయేవాళ్ళలో ఒకరిద్దరు ఆవిణ్ణి చూసి తలూపారు, ఆవిడా ఊపారు. నేను కుర్చీ వెనక నిలబడి ఆ మెట్ల వైపు చూస్తూ ఉండిపోయాను. ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

తుంపర వాన అయింది. షాపు ముందు ఎవరో బండి నెట్టుకుంటూ వచ్చి పంక్చర్ షాపాయన్ని పిలుస్తున్నారు. గొడుగు చాలక ఆవిడ భుజం తడుస్తోంది. ఇంకొక్క బస్సు వచ్చేదాకా ఆగాను. అదీ వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ మలుపు వైపు చూశారు. పంక్చర్ షాపాయన నా వైపు చూశాడు. వంగి కుర్చీ పట్టుకున్నాను.

"రైట్" అన్నాను, నేనే.